నానమ్మ తామసమా అని అడిగాడు మావాడు, ఏం చెప్పాలి?

వెన్నెల_డాలస్

అందరికీ నమస్కారం. ఇక్కడ ఏళ్ల తరబడి చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పుట్టింట్లో ఉల్లిపాయకి పెరటి అరుగు వరకే ప్రవేశం. మా ఆయనది నల్లగొండ వైపు. పెళ్లయి పదమూడేళ్లు. నేను తినను, ఆయన తింటారు, తొమ్మిదేళ్ల మావాడు ఏ పూట ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల కంచంలోది తింటాడు. ఇంట్లో రెండు మూకుళ్లు, రెండు గరిటెలు. ఇన్నాళ్లలో దీని గురించి మా మధ్య ఒక్క మాట పట్టింపు లేదు.

పోయిన ఆదివారం పిల్లల గీత క్లాసులో పదిహేడో అధ్యాయం చెప్పారట. బోర్డు మీద మూడు గళ్లు గీసి సాత్త్వికం కింద పాలు, పళ్లు, పప్పు రాశారు. రాజసం కింద కారం, ఉల్లి, వెల్లుల్లి. తామసం కింద కోడి, మేక, చేప. మావాడు ఆ గళ్లు నోట్సులో దింపుకుని, కోడి బొమ్మ కూడా వేసుకుని వచ్చాడు. కారులో వెనక సీట్లోంచి, "అమ్మా, నానమ్మ తామసమా?" అన్నాడు. నేను ఇంకా తేరుకోలేదు, "మరి పోచమ్మ?" అన్నాడు.

రెండు వారాల్లో బోనాలకి హైదరాబాద్ వెళ్తున్నాం. మా అత్తగారు బోనం ఎత్తుతారు, కోడి కూడా ఉంటుంది. మావాడు ఆవిడ మొహం మీదే ఈ మాట అడిగేస్తాడని నా భయం. మా ఆయన అయితే "క్లాసు మానిపించెయ్" అని ఒక్క మాటలో తేల్చేశారు. నాకు మానిపించాలని లేదు, వాడు శ్లోకాలు బాగా చెప్తున్నాడు. అసలు శాస్త్రంలో ఏముంది? శాకాహారం లేకపోతే హిందువు కానట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడబుల్లోడు

ఉల్లిపాయ రాజసమైతే మా ఊరి మిర్చిబజ్జీ చక్రవర్తి అన్నమాట.

పాలమూరుపోరడు

అక్కా, ముందుగాల ఒక మాట. మీ అత్తమ్మ ముందట ఆ పోరడు గట్ల అడిగితే ఆమె ఏం బాధపడదు, నవ్వుతది. బాధ మనకే.

మా తాన పోచమ్మ గుడికి పూజారి కుమ్మరాయన. బోనం కుండ చేసేటోళ్లు గూడ వాళ్లే. కొత్త కుండకు పసుపు రాసి, సున్నం బొట్లు పెట్టి, లోపల బెల్లం అన్నమో, పెరుగన్నమో పెట్టి, యాపకొమ్మలు చుట్టి, మీద దీపం పెడ్తరు. అది ఎత్తుకునే ఆడామె పొద్దుగాల నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టదు. అంటే బోనం అనేదే శాకాహారం! కోడి, యాటపోతు దానెనక వచ్చేటియి. ఈ సంగతి శానమందికి ఎరుక లేదు. టీవీల పోతరాజు కొరడా చూసి గదే బోనాలు అనుకుంటరు.

కోసినంక ఏమైతదో గూడ చెప్త. కూర ఒక్క ఇంట్ల ఉండదు. చాకలికి ఇంత, మంగలికి ఇంత, కుమ్మరికి ఇంత, ఆడబిడ్డలను పిలుచుడు, చుట్టాలొచ్చుడు. నా చిన్నప్పుడు మా ఇంట్ల ఏడాదికి యాటకూర తిన్నది రెండు మూడు సార్లే, అదీ దేవుని పేరు మీదనే. రోజు ఫ్రిజ్జుల ఉండేది కాదు. తామసం అని ఎవరన్న అంటె నవ్వొస్తది. మా తాత శనారం నీసు ముట్టకపోతుండె, ఎంకన్న వారం అని. సోమారం శివునిది. పండుగల నెల మొత్తం బంద్. లెక్కేస్తె మా తాత ఏడాదిల శాన దినాలు శాకాహారే.

శ్రౌతి_కోనసీమ

అమ్మా వెన్నెలా, మీ అబ్బాయి ప్రశ్న చాలా మంచిది. బోర్డు మీద గళ్లు గీసినవారికి ఆ ప్రశ్న పుట్టి ఉంటే బాగుండేది.

గీత పదిహేడో అధ్యాయం 8, 9, 10 శ్లోకాలు ఒకసారి తీసి చూడండి. సాత్త్వికాహారానికి అక్కడ చెప్పిన గుణాలు రస్యం, స్నిగ్ధం, స్థిరం, హృద్యం. అంటే రసం ఉండాలి, జిడ్డు ఉండాలి, ఒంటికి పట్టాలి, మనసుకు నచ్చాలి. రాజసం అంటే మరీ చేదు, పులుపు, ఉప్పు, మరీ వేడి, ఘాటు. తామసం అంటే 'యాతయామం గతరసం పూతి పర్యుషితం చ యత్', అంటే జాము గడిచినది, రసం పోయినది, కుళ్లినది, రాత్రి మిగిలినది, ఎంగిలిది, అమేధ్యం అంటే అపవిత్రమైనది. ఈ మూడు శ్లోకాల్లో కోడి పేరు లేదు, మేక పేరు లేదు, ఉల్లిపాయ పేరూ లేదు. అమేధ్యం అన్న మాటలో మాంసాన్ని చేర్చి చెప్పే సంప్రదాయం ఉన్న మాట నిజం. కానీ అది వ్యాఖ్యానం, మూలం కాదు. పిల్లలకి ఏది మూలమో ఏది వ్యాఖ్యానమో విడదీసి చెప్పాలి.

నేను మాంసం తినను. మా ఇంట్లో ఏడు తరాలుగా ఎవరూ తినలేదు. అందుకే ఈ మాట అనే చనువు నాకుంది అనుకుంటున్నాను.

కడపకారం

స్వామీ, 'పర్యుషితం' అంటే రాత్రి మిగిలిందంటిరి కదా. అట్లయితే చద్దన్నం తామసమా? మా రాయలసీమ అంతా సగం తామసంతోనే బతికినట్లు లెక్క! పోతన కృష్ణుడు ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన చల్దిముద్ద పెట్టుకొని, వేళ్ల సందుల్లో ఊరగాయలు ఇరికించుకొని గొల్లపిల్లోళ్ల మధ్యన కూర్చొని తిన్న్యాడు కదా. గీత చెప్పింది ఆయనే, చద్ది తిన్నదీ ఆయనే. ఈ సంగతి ఆ క్లాసు అయ్యవారిని అడగమనండి మీ వాడిని.

శ్రౌతి_కోనసీమ

కడపకారం గారూ, మీరు నన్ను ఇరకాటంలో పెట్టారు. పెరుగు కలిపితే పర్యుషిత దోషం లేదని ధర్మశాస్త్రంలో వెసులుబాటు ఉంది. ఉన్నా, మీ ప్రశ్నే బాగుంది.

శాకంబరి

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. ఇక్కడ మాంసం తినేవాళ్లంతా సమర్థించుకోవడం, తిననివాళ్లంతా సర్దుకుపోవడం జరుగుతోంది. నేను తినే ఇంట్లో పుట్టి మానేసినదాన్ని. బ్రాహ్మణులం కాము.

మాది ఏటిగట్టు ఊరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక మేకపిల్లకి పాలసీసాతో పాలు పట్టి పెంచాను. తల్లి ఈనుతూ చచ్చిపోయింది. రాత్రి నా మంచం కిందే పడుకునేది. ఏడాదిన్నర తర్వాత అమ్మవారి జాతరకి దాన్నే తీసుకెళ్లారు. మొక్కుబడి ఉందని నాకెవరూ చెప్పలేదు. మెడలో వేపాకుల దండ వేసి, మీద నీళ్లు చల్లారు. ఒళ్లు విదిల్చింది. అమ్మవారు ఒప్పుకున్నట్టు అది గుర్తు అన్నారు. చన్నీళ్లు పడితే ఏ మేకైనా విదిలిస్తుంది.

ఆ రోజు నేను తినలేదు. మర్నాడూ తినలేదు. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్లయింది.

భారతం అనుశాసనపర్వంలో భీష్ముడు 'అహింసా పరమో ధర్మః' అని ధర్మరాజుకి చెప్పేది మాంసం గురించే. ఆ అధ్యాయాలు చదివితే మాటలు చాలా కఠినంగా ఉంటాయి. కొన్నవాడూ, చంపినవాడూ, వండినవాడూ, తిన్నవాడూ అందరూ హంతకులే అంటాడు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో మాంసం అన్న మాటకే వ్యుత్పత్తి ఉంది: 'మాం సః', నేనిక్కడ ఎవరిని తింటున్నానో వాడు అక్కడ నన్ను తింటాడు. తమిళులకి తిరుక్కురళ్‌లో 26వ అధ్యాయం మొత్తం మాంసం మానడం మీదే. తినడానికి కొనేవాడు లేకపోతే అమ్మడానికి చంపేవాడూ ఉండడని అందులో ఒక కురళ్. ఇవన్నీ మనవి కావా? సంస్కృతి అనగానే జాతర ఒక్కటే ఎందుకు గుర్తుకొస్తుంది?

పాలమూరుపోరడు

అక్కా, మీ మేకపిల్ల ముచ్చట చదివి కొద్దిసేపు ఏం రాయలేకపోయిన. మాకు గూడ ఒక పొట్టేలు ఉండె. గంతే.

శ్రౌతి_కోనసీమ

శాకంబరి గారు చెప్పినవన్నీ ఉన్నవే. కానీ మనుస్మృతిలో అదే అధ్యాయంలో మరుసటి శ్లోకం కూడా చదవాలి: 'న మాంసభక్షణే దోషో న మద్యే న చ మైథునే, ప్రవృత్తిరేషా భూతానాం నివృత్తిస్తు మహాఫలా'. మాంసం తినడంలో దోషం లేదు, మద్యంలో లేదు, స్త్రీపురుష సంగమంలో లేదు, ప్రాణుల సహజ ప్రవృత్తి అది, మానుకుంటే మాత్రం గొప్ప ఫలం. నాకు ఈ విషయం మొత్తం ఈ శ్లోకంలోనే ఉందనిపిస్తుంది. మానడం వ్రతం. వ్రతం పట్టినవాడికి ఫలం ఉంటుంది. పట్టనివాడికి పాపం అంటించే హక్కు ఆ ఫలంలో భాగం కాదు.

ఇంకొకటి చెప్తే మావాళ్లే నన్ను తిడతారు. తద్దినాల్లో ఏ మాంసానికి పితృదేవతలు ఎన్ని నెలలు తృప్తి పడతారో మనువు మూడో అధ్యాయంలో వరసగా చెప్పాడు. చేపలకి రెండు నెలలు, లేడి మాంసానికి మూడు నెలలు, అలా పైకి పోతుంది. తర్వాత ఎప్పుడో 'పలపైతృకం' కలివర్జ్యాల్లో చేరింది. కలియుగంలో వదిలెయ్యవలసిన అయిదింటిలో తద్దినంలో మాంసం ఒకటి. అంటే మన పెద్దలు ఒకప్పుడు పెట్టారు, తర్వాత ఆలోచించి మానారు. మానినందుకు నాకు గర్వమే. మొదటినుంచీ లేదని అబద్ధం చెప్పను. ఇవాళ మా ఇంట్లో తద్దినానికి అరటికాయ, కంద, పెసరపప్పు, నువ్వుపచ్చడి, మినపగారెలు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ గడప తొక్కవు. పరదేశం నుంచి వచ్చినవని మా నాయనమ్మ వాదన. మరి మిరపకాయ కూడా పరదేశీయే కదా అంటే, అందుకే ఆ రోజు మిరియాలు అనేది.

బెజవాడబుల్లోడు

నాయనమ్మ గెలిచింది.

అరసున్న

శాస్త్రాలు పండితులకి వదిలేసి నేను ఒక్క మాట గురించి చెప్తాను. నీచు.

కోస్తాలో 'నీచు తింటారా?' అని అడుగుతాం. తెలంగాణలో 'నీసు'. అసలు అర్థం చేప వాసన. 'నీచు కంపు' అన్నప్పుడు అదే. కానీ అదే అక్షరాలతో 'నీచుడు' అని మనిషినీ తిడతాం. ఈ రెండు మాటలకీ మూలం ఒకటేనా కాదా అన్నది నిఘంటువుల పని. చెవికి మాత్రం తేడా తెలియదు. చిన్నప్పుడు స్కూల్లో పక్క పిల్ల నా డబ్బా చూసి 'నీచా?' అని అడిగి ముక్కు మూసుకుంది. అడిగింది కూరనా నన్నా అని నాకు ఇప్పటికీ తెలియదు.

అదే తెలంగాణలో 'కూర' అంటే చాలు, మాంసమే. 'ఇయ్యాల కూర తెచ్చిండు' అంటే వంకాయ తెచ్చాడని ఎవరూ అనుకోరు. ఒకచోట పేరుతోనే తక్కువ చేశాం, ఒకచోట కూరలన్నిటికీ అదే రాజు.

ఇక అద్దె ఇళ్ల సంగతి. 'శాకాహారులకు మాత్రమే' బోర్డు హైదరాబాద్‌లో చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను ఫోన్ చేస్తే ఒకాయన నేరుగా కులం అడగకుండా, 'మీరు గుడ్డు కూడా తినరు కదమ్మా' అన్నాడు. అడిగింది గుడ్డు గురించి అని ఇద్దరం నటించాం. నేను గుడ్డు తింటాను, ఆ ఇల్లు దొరకలేదు. శాకాహారం అహింస కోసమే అయితే ఆయన అడగాల్సింది నేను కుక్కల్ని రాళ్లతో కొడతానా అని.

2014 నాటి ఎస్సారెస్ (కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు) సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 98 మంది పైన మాంసాహారులే. రాజస్థాన్‌లో లెక్క తిరగబడుతుంది, అక్కడ నూటికి 75 మంది దాకా శాకాహారులు. మన పక్కన ఇద్దరు చెప్పింది తొంభై ఎనిమిది మందికి ధర్మం ఎలా అయింది అన్నది కూడా ఆలోచించాలి.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. వేరే మతాలవాళ్లు ఏం తింటారన్నది ఈ చర్చకి సంబంధం లేదు. ఆవు గురించి విడిగా పాత చర్చ ఉంది, తాళం వేసి ఉంది, అలాగే ఉంటుంది.

ఖరగ్‌పూర్_కబుర్లు

మేము మూడు తరాలుగా ఖరగ్‌పూర్‌లో ఉన్నాం. తాతగారు రైల్వేలో చేరి వచ్చేశారు. ఇక్కడ తెలుగువాళ్లు బోలెడంతమంది. వెన్నెల గారికి ఒక వింత చెప్తాను.

బెంగాల్‌లో కాళీమాతకి బలి ఇచ్చిన మేక మాంసాన్ని ఉల్లి, వెల్లుల్లి లేకుండా అల్లం, జీలకర్ర, ధనియాలతో వండుతారు. దాని పేరు 'నిరామిష్ మాంగ్షో'. నిరామిషం అంటే ఆమిషం, అంటే మాంసం, లేనిది. మాంసం లేని మాంసం! మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ చేతిలో స్టీలు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. వాళ్ల లెక్కలో దోషం ఉల్లిపాయది, మేకది కాదు. ఇక్కడి బ్రాహ్మణులు చేప తింటారు, పెళ్లిలో 'తత్త్వ' అనే కానుకల పళ్లాల్లో చేపకి చీర కట్టి, ముక్కుపుడక పెట్టి పంపుతారు. కాశ్మీరీ పండితులు కూడా అంతే, శివరాత్రికి మాంసం వండుతారు, వాళ్ల వంటలో సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి ఉండవు. మీ పుట్టిల్లు మాంసం తినని చోట, వాళ్లు ఉల్లి తినని చోట. ఇద్దరూ మడే.

పూరీ సంగతి ఇంకా చిత్రం. జగన్నాథుడి మహాప్రసాదంలో ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఏవీ ఉండవు. అదే ప్రాకారంలో విమలాదేవి గుడి ఉంది. జగన్నాథుడి ప్రసాదం విమలమ్మకి నివేదన అయ్యాకే మహాప్రసాదం అవుతుంది. ఆ విమలమ్మకే దసరా రోజుల్లో తెల్లవారకముందు, జగన్నాథుడి తలుపులు తీయకముందు, మేకబలి, చేపల నైవేద్యం. తెల్లారేసరికి అంతా కడిగేస్తారు. ఒకే ప్రాంగణంలో అన్నకి ఒక కంచం, అమ్మకి ఒక కంచం. మీ ఇంట్లో రెండు మూకుళ్లు ఉన్నాయన్నారు కదా, పూరీలో కూడా ఉన్నాయనుకోండి.

కడపకారం

మన శ్రీకాళహస్తి మర్చిపోతిరే. తిన్నడు వేటాడి తెచ్చిన మాంసం ముందు తాను కొరికి చూసి, మెత్తగా ఉన్న ముక్కలే ఏరి శివునికి పెట్టె. నోట్లో నీళ్లు తెచ్చి అభిషేకం. పూజారి పొద్దున వచ్చి చూసి గుండెలు బాదుకునె. ఆ పూజారి పేరు ఊర్లో ఎవరినన్నా అడగండి, సరిగా చెప్పలేరు. తిన్నడికి మాత్రం కొండ మీద గుడి, కన్నప్ప కొండ. ఎంగిలి కూడు, అమేధ్యం, గీత తామసం లెక్కలో అన్నీ ఉన్నాయి అందులో.

శాకంబరి

కన్నప్పకి గుడి కట్టింది మాంసం పెట్టినందుకు కాదు, కన్ను పెట్టినందుకు.

కడపకారం

అక్కా, దెబ్బ కొట్టినారు. ఒప్పుకుంటా.

ఊరకే పోను, మీకు పనికొచ్చేది ఒకటి ఇచ్చి పోతా. మా పక్క కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర, ఎర్రగుడి అని ఉంది. గుట్ట మీది బండలకు అశోకుని శాసనాలు. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. మొదటిదే ఈ విషయం. ఇక్కడ ఏ ప్రాణినీ చంపి బలి ఇవ్వకూడదు అని. ఒకప్పుడు రాజు వంటింట్లో దినం లక్షలకు లక్షలు ప్రాణులను కూరల కోసం చంపేవాళ్లంట, ఇప్పుడు మూడే: రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడి కూడా రోజూ కాదు, మున్ముందు ఈ మూడూ ఉండవు అని రాయించినాడు. నాకు అందులో నచ్చేది ఆ లేడి. రాజు అయి ఉండి 'నేను మొత్తం మానేసినా' అని గొప్పకు రాయించుకోవచ్చు. ఇంకా రెండు నెమళ్లు తింటున్నా అని బండ మీద చెక్కించినాడు. ఎండలో ఆ గుట్ట ఎక్కితే బండ కాల్తాది, చెప్పులు తీయొద్దండి.

అరసున్న

అది బౌద్ధుడి శాసనం, హిందూ శాస్త్రం కాదు అని ఎవరో అంటారని ముందే చెప్తున్నా. నిజమే. కానీ యజ్ఞంలో పశువుని వదిలి మనవాళ్లు పిండికి వచ్చిన దారిలో శ్రమణుల, అంటే బౌద్ధ, జైన సన్యాసుల, పోరు లేదని ఎవరూ అనలేరు. మధ్వాచార్యులు పిష్టపశువు, అంటే పిండితో చేసిన పశువు, చాలు అన్నది పదమూడో శతాబ్దంలో. అంతదాకా గొడవ నడుస్తూనే ఉంది.

వెన్నెల_డాలస్

ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు. శాకంబరి గారూ, మీ పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను పుట్టుకతో తినను కాబట్టి నేనేదీ మానలేదు, మానడం అంటే ఏమిటో నాకు తెలియదు అని మొదటిసారి అనిపించింది.

శ్రౌతి గారూ, ఉల్లి గురించి అసలు శాస్త్రంలో లేదా? మా అమ్మని అడిగితే 'ఉంది, అంతే' అంటుంది.

శ్రౌతి_కోనసీమ

ఉందమ్మా, గీతలో లేదన్నానంతే. మనువు అయిదో అధ్యాయంలోనే ద్విజులు తినకూడనివి చెప్తూ లశునం, గృంజనం, పలాండు, కవకాలు అన్నాడు. లశునం వెల్లుల్లి, పలాండు ఉల్లి. కవకాలంటే పుట్టగొడుగులు! పెళ్లి భోజనాల్లో 'ప్యూర్ వెజ్' బల్ల మీద పుట్టగొడుగుల కూర పెట్టుకుని పక్కవాడి కంచంలోకి చూసేవాళ్లని నేను చాలామందిని ఎరుగుదును.

చాతుర్మాస్యం పట్టేవాళ్లని చూడండి. శయన ఏకాదశి నుంచి మొదటి నెల కూరగాయలు మానతారు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు. ఇవన్నీ శాకాహారమే, అయినా మానతారు. అంటే అసలు సాధన 'ఇది మంచిది, అది చెడ్డది' కాదు, నోటికి ఒకసారి కళ్లెం వేసి చూడటం. ఆ తొంభై ఎనిమిది మందిలో కార్తీకంలో మాంసం మానేవాళ్లు చేసేది అదే పని. వాళ్ల వ్రతం చిన్నదీ కాదు.

మీ అబ్బాయికి చెప్పడానికి ఒక్క శ్లోకం ఇస్తాను. రామాయణం అయోధ్యకాండ. తండ్రి పోయాడని భరతుడు చెప్పాక రాముడు మందాకిని ఒడ్డున పిండం పెట్టాలి. అడవిలో ఏముంది? ఇంగుదీ గింజల తెలకపిండిలో రేగుపళ్లు కలిపి దర్భల మీద పెట్టి, 'మహారాజా, మేం తినేది ఇదే, ప్రీతితో ఇది తిను' అంటాడు. 'యదన్నః పురుషో భవతి తదన్నాస్తస్య దేవతాః'. మనిషి ఏది తింటాడో వాడి దేవతలకీ అదే అన్నం. చక్రవర్తికి తెలకపిండి పెట్టిన కొడుకు ఏడుస్తూ అన్న మాట అది.

పాలమూరుపోరడు

అయ్యగారూ, ఇది రాసిపెట్టుకుంట.

శాకంబరి

ఆ శ్లోకం నాకూ ఇష్టమే. కానీ చిన్న సవరణ. మనిషి తినేది దేవుడికి పెడతాడన్నది సరే. మనిషి తన తిండి మార్చుకుంటే దేవుడి కంచమూ మారుతుందని కూడా ఆ శ్లోకానికి అర్థం. మా ఊళ్లో ఇప్పుడు మా ఇంటి మొక్కుబడి గుమ్మడికాయ. మా పెదనాన్న మూడేళ్లు మాట్లాడలేదు నాతో. అమ్మవారు మాత్రం ఏమీ అనలేదు.

జంతుబలి నిషేధ చట్టం మన దగ్గర 1950 నుంచీ ఉంది. ఎవరూ అమలు చెయ్యరు, పోలీసులు కూడా మొక్కులు తీర్చుకుంటారు. నేనూ పోలీసుల్ని పిలవమనడం లేదు. ధర్మవ్యాధుడి కథలో కసాయి దగ్గరికి బ్రాహ్మడు ధర్మం నేర్చుకోడానికి మిథిలకి వెళ్తాడని అందరూ మాంసానికి సమర్థనగా చెప్తారు. ఆ వ్యాధుడు తాను చంపననీ, తాను మాంసం తిననని కూడా అంటాడు. ఆ వాక్యం మాత్రం ఎవరూ చెప్పరు.

బెజవాడబుల్లోడు

పాలు? దూడ నోటి దగ్గర లాక్కున్నది ఏ గడిలో రాశారో బోర్డు మీద?

శాకంబరి

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కాఫీ మానలేకపోతున్నాను.

వెన్నెల_డాలస్

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు. అడిగినవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. వెళ్లేముందు ఆ మూడు శ్లోకాలు వాడితోనే అర్థం చదివించి, ఇందులో కోడి ఎక్కడుందో వెతకమన్నాను. రెండుసార్లు వెతికాడు. "లేదు. మరి టీచర్ ఎందుకు రాశారు?" అన్నాడు. ఆయన అలా అనుకుంటున్నారు, కొంతమంది పెద్దలు కూడా అలా అనుకున్నారు అని చెప్పాను. చద్దన్నం సంగతి చెప్తే మాత్రం చాలా సంతోషించాడు, తిరిగి క్లాసుకి వెళ్లి అడుగుతానని కాచుకుని ఉన్నాడు.

బోనాల రోజు మా అత్తగారు తెల్లవారకముందే తలస్నానం చేసి, తడి జుట్టుతో పొయ్యి దగ్గర కూర్చుని బెల్లం అన్నం వండారు. వాడు గుమ్మంలో చతికిలబడి చూస్తున్నాడు. నేను ఎంత కళ్లతో సైగ చేసినా అడిగేశాడు. అయితే తామసం అన్న మాట వాడలేదు. "నానమ్మా, పోచమ్మకి కోడి ఎందుకు? వెంకన్నకి లడ్డు కదా?" అన్నాడు.

ఆవిడ అన్నం కలుపుతూనే, "ఎంకన్న గుట్ట మీద ఉంటడు బిడ్డా, పైసలున్నోడు. పోచమ్మ మన వాడకట్టుల ఉంటది. మనింట్ల ఏముంటే గదే ఆమెకు" అన్నారు. తర్వాత, "నేను గూడ శనారం ముట్టను, ఎరుకనా నీకు?" అన్నారు. వాడికి తెలియదు. నాకు కూడా తెలియదు. పదమూడేళ్లయింది.

కోడిని కోసేటప్పుడు వాణ్ని లోపలికి తీసుకెళ్లిపొమ్మని మా ఆయనకి చెప్పాను. వాడు రానన్నాడు. చూశాడు. శాకంబరి గారూ, మీరే గుర్తొచ్చారు నాకు. ఆ మధ్యాహ్నం వాడు కూర ముట్టలేదు, బోనంలో బెల్లం అన్నమే రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఒక్కరూ ఏమీ అనలేదు. మా అత్తగారు వాడి కంచం నా పక్కకి జరిపారు, అంతే. రెండ్రోజులాగి మేనత్త ఇంట్లో కోడిపులావు తిన్నాడు. వాడు ఎటు వెళ్తాడో నాకు తెలియదు, నేను అడగదలచుకోలేదు.

శాకంబరి

చూడనిచ్చారు కదా. నాకు అదే చాలు.

పాలమూరుపోరడు

'ఎంకన్న పైసలున్నోడు'! మీ అత్తమ్మకు దండం పెట్టిన అని చెప్పు అక్కా.

శ్రౌతి_కోనసీమ

చాలా సంతోషం అమ్మా. కార్తీకానికి మీ అమ్మగారు అక్కడికి వస్తున్నారా?

వెన్నెల_డాలస్

వస్తోందండి, నెలంతా ఉంటుంది. ఇప్పుడే ఫోన్లో అడిగింది, అక్కడ కంద దొరుకుతుందా, బచ్చలి దొరుకుతుందా అని. కంద ఇక్కడ గడ్డకట్టించిన ముక్కలే దొరుకుతాయి, కందబచ్చలికి పనికొస్తాయా? ఆవ పెట్టే ముందు నీళ్లు పూర్తిగా పిండాలా? డాలస్‌లో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. మావాడు మాత్రం అమ్మమ్మ వచ్చేలోపల మూకుళ్ల మీద పేర్లు రాస్తానని స్టిక్కర్లు కొనిపించుకున్నాడు.